కల్లంగడి మూసిన తరువాతి సందెవేళ

1938వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన చిత్తూరు జిల్లాలోని కల్లంగళ్లును సారాయంగళ్లును ఒక్కుమ్మడిగా మూతపడినవి. అంతకు సరిగా ఏడాది ముందు, 1937 అక్టోబరు 1న, చెన్నరాష్ట్ర ప్రధానిగా నుండిన చక్రవర్తి రాజగోపాలాచారి తన సొంత జిల్లాయైన సేలములో మద్యనిషేధమును తొలిసారి అమలుపరచి, దాని మంచిచెడ్డలను కొంత పరికించిన పిమ్మట, రెండవ విడతకు చిత్తూరు, కడప జిల్లాలను ఎన్నుకొనెను. ఆనాటినుండి మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని, పొద్దు వాలినది మొదలు రాత్రి సంగటి ముద్ద ముందుకు వచ్చువరకు గల నాలుగైదు గడియల కాలము, ఎన్ని తరములనుండియో ఒకే తీరున గడచుచు వచ్చినది, తాగువారి పాలిటికి హఠాత్తుగా బయలైపోయెను. శాసనము చేసినవారు అంగళ్లను లెక్కించిరి, చెట్లను లెక్కించిరి, చేజారిపోవు రాబడిని అణాపైసలతో లెక్కించిరి. ఖాళీపడిన ఆ సందెవేళలో మనుష్యుడేమి చేయవలెనను ప్రశ్నను పట్టించుకొన్నవారు వారిలో కొందరే. ఈ మూడు ఊళ్లలో తాగుడు మానినవారి చరిత్రను వ్రాయబూనినచో, దానిని శాసనముల తేదీలనుబట్టి గాక ఆ సందెవేళ ననుసరించి వ్రాయవలెనని నా అభిప్రాయము.

సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడి, మైసూరు పీఠభూమికి తూర్పు అంచుగా నున్న ఈ మెట్టసీమలో తాటిచెట్టుకన్న ఈతచెట్టుదే పెత్తనము. వాగుల గట్లమీదను, చెరువుల దిగువ పల్లములలోను పెరుగు ఈతవనములను గీయు వృత్తి ఈడిగవారిది. రాత్రియెల్ల కుండలోనికి ఊరిన ఈతనీరు వేకువన దించునప్పటికి తియ్యగా నుండి, ఎండ ఎక్కినకొలది పులియబారి, మధ్యాహ్నము దాటుసరికి నురుగులు గ్రక్కుచు మత్తునిచ్చు కల్లగును. కుండలోపల సున్నము పూసినచో మాత్రమే ఆ పులుపు ఆగును. ఈ చిన్న ప్రకృతిధర్మమే మా సీమ పానాచారమునకు వేళను నిర్ణయించినదని చెప్పవచ్చును. కల్లు ఎక్కువగా కైపునిచ్చు వేళకే మడిలో పని ముగియును, కూలి డబ్బు చేతికందును, సంతకు పోయిన బండ్లు ఊరిదారి పట్టును. ఒళ్లు అలసి, కడుపు కాలుచు, మనసు ఒక ఆదరువును వెదకు ఆ ఘడియలో దారిప్రక్కన కల్లుపాక ఎదురగును. అక్కడ కూర్చున్న నలుగురు ఇతనిని పేరుపెట్టి పిలుతురు. మరునాడు అదే వేళకు కాళ్లు వానియంతట అవియే ఆ దారిని పోవును. తాగుబోతు తాను కల్లును కోరుచున్నాననుకొనును. అతనిని అంగడికి నడిపించుచున్నది సగము కల్లు, సగము ఆ వేళ. సారాయి సంగతి వేరు. బెల్లమును తుమ్మచెక్కతో పులియబెట్టి వంచిన ఆ ద్రవమునకు వేళతో నిమిత్తము లేదు; అది నిలువయుండును, దూరము పోవును, లెక్కకు చిక్కును. అందుచేతనే కాబోలు, ప్రభుత్వములకు కల్లుకన్న సారాయిపై మక్కువ ఎక్కువ.

ఈ మక్కువకు చట్టరూపము 1886 నాటి మదరాసు అబ్కారీ చట్టము. గీయు ప్రతి చెట్టునకును పన్ను, అమ్ము ప్రతి అంగడికిని వేలము, వేలములో హెచ్చుపాట పాడిన గుత్తదారునికి ఏడాదిపాటు హక్కు, స్థూలముగా ఆ పద్ధతి యిదియే. హెచ్చుగా పాడినవాడు హెచ్చుగా అమ్మక తప్పదు గనుక, ఊరిలో తాగువారి సంఖ్య పెరుగుటయే అతనికిని, అతనినుండి డబ్బు రాబట్టుకొను సర్కారునకును క్షేమము. 1930ల నాటికి చెన్నరాష్ట్రపు రాబడిలో సుమారు నాలుగవ వంతు ఈ దారిని వచ్చుచుండెను. 1921–22 సహాయ నిరాకరణ దినములలో ఆంధ్రదేశమున అనేక చోట్ల అంగళ్ల ముందు పికెటింగు జరిగి, వేలములు వెలవెలబోయిన మాట నిజమే. ఉద్యమము చల్లబడగనే పాటలు మరల హెచ్చినవి. నిషేధమునకు అక్టోబరు 1వ తేదీని ఎన్నుకొనుట గాంధిజయంతిమీది భక్తిచేతనని తలచువారున్నారు. గాంధిజయంతి మరునాడు. అబ్కారీ గుత్తల సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున ముగియుచుండెను గనుక, ఆ తేదీ భక్తికన్న జమాఖర్చునకే ఎక్కువ చెందినదని నాకు తోచును.

ఈ నిషేధగాథలో విచిత్రమైన అధ్యాయము కుప్పమునది. ఒకనాడు కంగుంది జమీందారీకి ముఖ్యస్థానమైన ఆ ఊరు మూడు వైపుల పరాయి ఎల్లలతో చుట్టబడి, జిల్లాకు నైరుతి మూలను ముందుకు పొడుచుకొని పోయినది. దక్షిణమున, కృష్ణగిరి వైపు, సేలము జిల్లా. తూర్పున, వాణియంబాడి వైపు, ఉత్తరార్కాడు. పడమట మైసూరు సంస్థానపు కోలారు సీమ. 1937 అక్టోబరులో సేలము జిల్లా ఎండిపోగా, ఒక ఏడాదిపాటు కుప్పము ప్రాంతపు అంగళ్లు కృష్ణగిరివారికి అందుబాటులో మిగిలినవి. 1938 అక్టోబరులో కుప్పమే ఎండిపోయెను. కాని ఉత్తరార్కాడునకు నిషేధము 1939 అక్టోబరు దాక రాలేదు గనుక, ఆ ఏడాది తూర్పు దారి తెరచియుండెను. అదియు మూతపడిన పిమ్మట మిగిలినది పడమటి దారి. ఆ దారిని కొలది మైళ్లు పోయినచో కోలారు బంగారుగనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగిడినది మొదలు వేలకొలది తెలుగు, తమిళ కూలీలను పాతాళములోనికి దించి పైకి తీయుచుండిన ఆ గనుల ఊరిలో, చీకటినుండి వెలుపలికి వచ్చినవానికి మొట్టమొదట కావలసినదేమో వ్యాపారులకు బాగుగా తెలియును. పైగా 1864లోనే జోలార్‌పేటనుండి బెంగుళూరికి పడిన ఇనుపదారి కుప్పముమీదుగానే పోవుచున్నది. ఒక్క టిక్కెట్టు కొనగలవానికి నిషేధము కొలది స్టేషనుల దూరము మాత్రమే. శాసనము దేశమునకు ఎల్లలు గీయగలదు. తాగవలెనను కోరికకు ఆ ఎల్లల సంగతి తెలియదని మొదట గ్రహించిన నిషేధాధికారులు ఈ సరిహద్దు తాలూకాలవారే అయియుందురు.

రాజాజీగా పేరొందిన రాజగోపాలాచారిని ఈ విషయమున అమాయకుడని అనుటకు వీలులేదు. 1925లో తిరుచెంగోడు సమీపమున గాంధి ఆశ్రమమును స్థాపించి, ఆ చుట్టుపట్ల పల్లెలలో తాగుడుచేత చితికిన సంసారములను కన్నులార చూచి, కేవలము మద్యపాన నిషేధ ప్రచారము కొరకే ‘విమోచనము’ అను తమిళ మాసపత్రికను నడపినవాడు. అంగడిని మూయించినంతమాత్రాన పని తీరదని అతనికి తెలియును. కావుననే సేలములో నిషేధముతోబాటు తేనీటి అంగళ్లు వెలసినవి. సాయంకాలపు ఆటలు, భజనలు, వీధినాటకములు ప్రోత్సహింపబడినవి. ఇంతకుముందు కల్లుపాకకు పోవుచుండిన డబ్బును దాచుకొనుటకు పొదుపు సంఘములు ఏర్పడినవి. పని పోయిన గీతవారికి సున్నపుకుండల తీపినీటితో బెల్లము వండు లైసెన్సులు లభించినవి. పోయిన రాబడికి మారుగా 1939లో సాధారణ అమ్మకపు పన్ను పుట్టినది. తరువాత దేశమంతట పాకిన అమ్మకపు పన్నుల వంశవృక్షమునకు మొదటి కొమ్మలలో ఒకటి ఈ విధముగా మూతపడిన కల్లంగడి గుమ్మములో మొలచినది.

అబ్కారీ అధికారి దృష్టిలో ఈ భజనలు, బంతియాటలు మొక్కుబడి కార్యక్రమములై యుండవచ్చును. నా దృష్టిలో మాత్రము ఆ ప్రయోగమంతటిలో తెలివైన భాగము అదియే. తాగుడు మానిన మొదటి నెలలో మనుష్యుని చంపునది దాహము కాదు, తీరిక. ఆరు గంటలకు అతని చేతిలో ఒక తాళములజత నుంచి, ఎనిమిది గంటలకు ఇంటికి పంపగలిగినచో ఆనాటికి గండము గడచినట్లే. మా సీమలో పండరిభజనకు, చెక్కభజనకు, కోలాటమునకు కొరత లేదు. కాలికి గజ్జె కట్టి, గురువు వేసిన అడుగునకు అడుగు వేయుచు, పాట తప్పక, తాళము తప్పక, ప్రక్కవాని చెక్కకు తన చెక్క తగిలించుచు ఒక జాము నడచినవానికి ఆ జాములో నిన్న తాగిన సంగతి గాని, రేపు తాగుదునేమో యను భయము గాని జ్ఞాపకమునకు వచ్చు సందు లేదు. భజన చేయునప్పుడు అడుగు తప్పుటకు కారణమెప్పుడును మనసు మరియొక చోటికి పోవుటయే యని నేర్పు గురువులు చెప్పుచుందురు. అట్టి విద్య మత్తునకు విరుగుడు కాకయుండునా? దౌర్భాగ్యమేమన, సర్కారు ఉత్తరువులతో నడచు భజన సర్కారు ఆసక్తి ఉన్నంతకాలమే నడచును. కాంగ్రెసు మంత్రివర్గము 1939 అక్టోబరులో రాజీనామా చేయగా, వెనుక వచ్చిన గవర్నరు సలహాదారుల పాలనలో, యుద్ధము నడుమ, నిషేధమే నిలిపివేయబడెను.

మదనపల్లెలో సందెవేళకు వేరొక చరిత్ర కలదు. అది తాగుబోతులను ఉద్దేశించి నడచినది కాదు. ఐనను మన విషయమునకు అది మిక్కిలి దగ్గర. అమెరికను ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చేంబర్లెయిన్ 1863లో ఈ ఊరిలో కేంద్రము నెలకొల్పినది మొదలు, ఇక్కడి చల్లని పొడిగాలి పరదేశపు వైద్యులను ఆకర్షించుచు వచ్చెను. 1912లో క్షయరోగులకై ఇక్కడ ప్రారంభమైన మిషనుల ఉమ్మడి చికిత్సాలయము 1915 నాటికి ఊరికి కొలది మైళ్ల దూరమునకు మారి, ఆరోగ్యవరమను పేర ప్రసిద్ధి కెక్కెను. దానికి తొలి అధ్యక్షుడు డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్-మొల్లర్. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు; అంతవరకు క్షయకు మందనునది లేదు. ఉన్న చికిత్స యెల్ల దినచర్యయే. వేళకు లేచుట, వేళకు తినుట, ఆరుబయటి గాలిలో వేళకు పడుకొనుట, పూటపూట జ్వరమానితో వేడిని చూచి వ్రాసికొనుట, బలము వచ్చినకొలది కొద్దికొద్దిగా పని హెచ్చించుకొనుట. ఇట్లు నెలలు గడచును, సంవత్సరములు గడచును. ఎప్పటికి నయమగునని అడిగిన రోగికి వైద్యుడు చెప్పగల సమాధానమేమియు లేదు. ఈ పూట వేడి ఎంతయన్నది మాత్రము కాగితముమీద నుండును. వ్యసనమును రోగముగా పరిగణించుట వైద్యలోకమునకు ఇంకను పూర్తిగా అలవడని ఆ కాలములో, దీర్ఘరోగమును పూటకొక పూటగా గెలుచుట ఎట్లో ఆరోగ్యవరములో వందలమంది అభ్యసించుచుండిరి. దాని నెవరును తాగుబోతులకు అన్వయింపకపోవుట వింత. ఊరికి ఇవతలివైపు కల్లుపాకలు, అవతలివైపు ఈ చికిత్సాలయము. రెంటికిని నడుమ దారి లేకపోయెను.

అదే 1915లో అనీబెసెంటు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించెను. దివ్యజ్ఞాన సమాజపు అంతరంగశాఖలో చేరువారు మద్యమును మాంసమును విసర్జింపవలెనను నియమముండుటచేత, ఆ కళాశాల వాతావరణములో మితవ్రతము చెప్పకయే అలవడినది. అధ్యక్షుడుగా వచ్చిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ వారమునకొక రాత్రి భోజనానంతరము విద్యార్థులను ఒక గదిలో చేర్చి పాటలు పాడించుచుండెను. 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు అట్టి యొక సభలోనే ‘జనగణమన’ను వినిపించి, ఆ దినములలోనే దానిని ఆంగ్లమున అనువదించెను, బాణీకి స్వరలిపి కూర్చుటలో మార్గరెట్ కజిన్స్ పాలుపంచుకొనెను. దేశగీతము కథను చెప్పువారందరు ఈ ముచ్చటను చెప్పుదురు గాని, అది ఒక దుర్బలమైన సందెవేళను పాటతో నింపు అలవాటునుండి పుట్టినదని గమనించువారు తక్కువ.

ఇక మదనపల్లె పేరు చెప్పినంతనే స్మరణకు వచ్చు మరియొకరి సంగతి. 1895 మే నెలలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానముగా ఈ ఊరిలో జన్మించి, 1909లో అడయారు చేరి, 1911లో ఇంగ్లండుకు తీసికొనిపోబడి, అక్కడి పెంపకములో తల్లిభాషను సైతము మరచిపోయిన జిడ్డు కృష్ణమూర్తి, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో తనకొరకై కట్టబడిన నక్షత్రసంఘమును తానే రద్దుచేసి, అటుపై యావజ్జీవము బోధించినది వర్తమానక్షణమునందలి ఎరుకను గూర్చియే. అలవాటులను గూర్చి మాటలాడునప్పుడు ఆయన పొగత్రాగువానిని ఉదాహరణముగా తీసికొనుచుండెను. మానవలెనని పట్టుబట్టవద్దు, తాగుచున్నందుకు సిగ్గుపడవద్దు, చెయ్యి జేబులోనికి పోవుట, పెట్టె తెరచుట, అగ్గిపుల్ల గీయుట, మొదటి పొగ లోనికి పోవుట, ఇట్లు ప్రతి కదలికను ఏమియు తీర్పు చెప్పక సంపూర్ణముగా గమనింపుము, అట్లు గమనింపబడిన అలవాటు తనంతట తాను సడలునని ఆ మాటల సారము. శపథములయందు ఆయనకు నమ్మకము లేదు. శపథము చేసినవాడు తనతో తానే యుద్ధమునకు దిగుననియు, యుద్ధము కోరికకే బలమిచ్చుననియు ఆయన వాదము. మదనపల్లెకు చేరువలో వెలసిన ఋషివాలీ విద్యాలయములో అనేక శీతకాలములు, 1985 వరకు, ఆయన విద్యార్థులతోను ఉపాధ్యాయులతోను ఈ విధముగా మాటలాడుచు వచ్చెను.

క్షణక్షణము మనసును కనిపెట్టియుండు విద్య ఈ సీమకు కొత్తది కాదు. వాయల్పాడునకు చేరువనున్న తరిగొండలో పదునెనిమిదవ శతాబ్దమున పుట్టిన వెంగమాంబ రాజయోగమును గూర్చి తేటతెలుగున గ్రంథము రచించినది. కాని కృష్ణమూర్తి బోధ ఆంగ్లములో సాగెను. ఆ లోయ చుట్టును గల పల్లెలలో సందెవేళ తాగువానికి అది వినిపించుటకు అవకాశమే లేకపోయెను. వినిపించినను, ఒంటరిగా కూర్చుండి తన చెయ్యి గిన్నెవైపు పోవుటను నిర్వికారముగా చూడుమని చెప్పిన మాట, పగలెల్ల మట్టి మోసి, అప్పు ఇచ్చినవాని కేకలు విని, ఇంటికి పోవు మనుష్యునికి ఎంతవరకు ఆధారమగునో నాకు సందేహమే. ఆ చూపు నిజమైనదే; దానికి ముందు కడుపులో ఇంత సంగటి, ప్రక్కన ఒక తోడు అవసరము.

పుంగనూరు సీమ ఈ తోడును మరియొక దారిని సంపాదించుకొన్నది. జమీందారీ వంశపు పూర్వస్థానమైన సుగుటూరు పేరను కొలువు తీరిన గంగమ్మకు ఆ ఊరిలో జరుగు జాతరయు, కుప్పమున తిరుపతి గంగమ్మకు జరుగు జాతరయు ఈ ప్రాంతపు పెద్ద పండుగలు. జాతరనాడు బలియు మద్యమును కలిసి నడచు ఆచారము గ్రామదేవతల కొలువులో చిరకాలమునుండి కలదు. ఏడాదియెల్ల మానినవాడు జాతర సందెలో తప్పిపోవుట ఊరివారెరుగని సంగతి కాదు. అదే జనము, అదే భక్తితో, మానుటకును దేవుని సాక్షిగా పిలుచుకొనెను. చిత్తూరు జిల్లాలోనే బాహుదానది ఒడ్డున గల కాణిపాకము వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణములకు పేరుపడినవాడు. దొంగతనపు నిందలను తేల్చుకొనుటకు వచ్చువారితోబాటు, తాగుడు మానుదునని కోనేట మునిగి తడిబట్టలతో ఒట్టు పెట్టుకొనువారును అక్కడికి వచ్చుట పరిపాటి. అనంతపురము జిల్లా బొమ్మనహాళ్ ప్రాంతపు ఉంతకల్లులో, పాండురంగని సన్నిధిని ఏకాదశినాడు మాల వేసికొనుట తాగుడు మానదలచినవారి ఆచారముగానే స్థిరపడినది.

ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో తెలుగునాట దావానలమువలె వ్యాపించిన అయ్యప్పదీక్షను ఈ వరుసలోనే చూడవలెను. నలువదియొక్క దినములు తెల్లవారకముందే చన్నీటి స్నానము, నల్లని వస్త్రము, నేలపై నిద్ర, ఒంటిపూట భోజనము, సందెవేళ మరల స్నానము, పూజ, శరణుఘోష. దీనిలో మతము పాలెంతయో చెప్పుట నా పని కాదు. దినచర్య పాలు మాత్రము స్పష్టముగా కనబడుచున్నది. తాగుడునకు కేటాయింపబడిన వేళకే పూజ నియమింపబడినది. అంతకన్న బలమైనది సంబోధన. నిన్నటిదాక “రారా, ఒక చుక్క వేసి పోదువు” అని చెయ్యి పట్టి లాగినవాడే నేడు మెడలో మాల చూచి “స్వామీ” యని ప్రక్కకు తొలగును. ఊరంతయు ఒక మనుష్యుని మానుకొననిచ్చుటకు ఒడంబడినట్లు. భార్యయు అతనిని స్వామియనియే పిలుచును, పిల్లలును అంతే. అట్టి గౌరవమును సందెవేళ పోగొట్టుకొనుటకు తాగుబోతునకును మనసొప్పదు. చిక్కంతయు నలువదిరెండవ సందెతో వచ్చును. ఇరుముడి సమర్పించి, మాల తీసి, ఇంటికి వచ్చినవానిని పాత పేరుతోనే పిలుచు పాత స్నేహితులు పాత చోటనే కూర్చుండియుందురు. దీక్ష విడిచిన రాత్రియే అంగడికి పోయినవారిని గూర్చి మా పల్లెలలో పరిహాసమునకు చెప్పుకొను కథలు అన్నియు నవ్వుకొనదగినవి కావు.

గడువు గల వ్రతమునకు గల ఈ లోపమును ప్రపంచమున మరియొక మూలను ఇద్దరు తాగుబోతులు వేరొక విధముగా పూరించిరి. అమెరికా దేశము పదుమూడేండ్లకు పైగా మద్యనిషేధమును నడపి, విసిగి, 1933లో రద్దుచేసెను. రెండేండ్లు తిరిగినవో లేదో, 1935 జూనులో, ఓహాయో రాష్ట్రపు ఆక్రన్ పట్టణమున, షేర్ల వ్యాపారియైన బిల్ విల్సనును శస్త్రవైద్యుడైన బాబ్ స్మిత్తును ఒకరి కష్టమునొకరు చెప్పుకొనుట ద్వారా తాగకయుండ గలిగి, ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు పునాది వేసిరి. శాసనము ఓడిన చోట ఈ సంఘము చేసినదేమన, జన్మజన్మాంతరముల శపథమును అడుగకపోవుట. ఇరువదినాలుగు గంటలు చాలును; రేపటి ఒట్టు రేపు. మా సీమలో మాట చెల్లు ముసలివారు “ఈ మాపుకు వద్దులేరా” అని ఇంటి కుర్రవానిని ఆపునప్పుడు అదే లెక్కను వాడుదురు. ఎల్లకాలమునకు వద్దని అన్నచో వాడు వినడని వారికి తెలియును. ఆ సంఘము 1957లో భారతదేశమున అడుగిడినది. సాయంకాలపు సమావేశములే దానికి ప్రాణము. కృష్ణమూర్తి వద్దన్న శపథమును, అయ్యప్ప విధించిన గడువును అది రెంటిని తగ్గించి, ఒక్క దినమునకు కుదించి, ఆ దినమును ప్రక్కవానితో పంచుకొనుమని చెప్పినది.

మన ప్రభుత్వములు మాత్రము మరల పెద్ద తేదీల దారినే పోయినవి. 1946 అక్టోబరులో నిషేధము పునఃప్రారంభమై, 1948 నాటికి చెన్నరాష్ట్రమంతట అమలులోనికి వచ్చెను. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న అవతరించిన ఏడాదికే, నిషేధమును ఎత్తివేయవలెనన్న రామమూర్తి సంఘపు సిఫారసుల వివాదములో, గీతవారి జీవనోపాధి ప్రశ్నపై గౌతు లచ్చన్న తిరుగుబాటు నడుమ, 1954 నవంబరు 6న టంగుటూరి ప్రకాశం మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1968 నాటి ఎక్సైజు చట్టము తరువాత అంగళ్లు మరల తెరచిరి. 1980లలో ‘వారుణి వాహిని’ పేర సర్కారే సారాయిని సంచులలో కట్టి పల్లెపల్లెకు పంపెను. కల్లునకు గల వేళయు, పాకయు, నలుగురి కూడికయు లేకుండ, పొలము గట్టున ఒంటరిగా పండ్లతో కొరికి తాగగల ఆ సంచి, తాగుడును సందెవేళనుండి విడదీసి దినమంతటికిని పరచెను. నా ఎరుకలో ఈ సీమకు ఏ గుత్తదారుడును అంతటి అపకారము చేసియుండలేదు.

దానికి ఎదురు నిలిచినది మరల ఒక సందెవేళయే. పొరుగున నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతోద్యమము పల్లెలలో రాత్రిబడులను తెరచెను. పనులు తీర్చుకొని దీపము చుట్టు చేరిన స్త్రీలు వాచకములోని సీతమ్మ కథను చదువుకొని, అది తమ కథయే యని గుర్తించిరి. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు సారాయంగడిని మూయించిరి. ఉద్యమము రాయలసీమకును పాకెను. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వము రాష్ట్రమంతట సారాయిని నిషేధించెను. 1995 జనవరి 16న నందమూరి తారకరామారావు సంపూర్ణ నిషేధము అమలులోనికి వచ్చెను. 1989నుండి కుప్పమునకు శాసనసభ్యుడైన నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా నుండగా 1997లో అది సడలిపోయెను. కారణములుగా చెప్పబడినవి ఖజానా కొరతయు, సరిహద్దుల దొంగరవాణాయు. కుప్పము పటమును చూచినవారికి రెండవ కారణమును వివరింప నక్కరలేదు.

ఇప్పుడు మానదలచినవారు కుప్పమునుండి బెంగుళూరు నిమ్హాన్సుకో, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకో పోవుచున్నారు. మొదటి వారము మందులతో గడచును. వణకు, చెమట, నిద్రలేమి తగ్గును. ఆ పిమ్మట వైద్యులు అడుగు ప్రశ్నలు ఆశ్చర్యకరముగా సామాన్యమైనవి. ఏ వేళకు మనసు లాగును? ఎవరితో నుండగా? ఏ దారిలో? ఆకలితోనా, అలసటతోనా, కోపముతోనా? కోరిక లేచి, పెరిగి, కొలది నిముషములలో దానంతట అదియే దిగిపోవుననియు, ఆ నిముషములను ఊపిరిని గమనించుచు కాచుకొనిన చాలుననియు నేర్పుదురు. ఇంటికి పోవుటకు ముందే ఇంత తినుమనియు, దారి మార్చుకొమ్మనియు, పడక వేళ తప్పవద్దనియు చెప్పుదురు. వేకువన కుప్పములో రైలెక్కి, బెంగుళూరులో పగలెల్ల కూలిచేసి, చీకటిపడినాక మరల కుప్పములో దిగువారికి ఆ మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము కాదు. స్టేషనునుండి ఇంటికి అంగడి ఎదురుకాని దారి ఏదియని వెదకుకొనుటలోనే వారికి నెలలు పట్టుచున్నది.